78 సెంటీమీటర్ల గీతలు: టెక్కీ షోడాన్, కిబా దాచి, ఒక మోకాలి నొప్పి

మా కరాటే హాల్లో టైల్స్ మీద రెండు తెల్ల గీతలు ఉండేవి, మధ్య దూరం 78 సెంటీమీటర్లు. కిబా దాచి అనే నిలబడే భంగిమ (స్టాన్స్) నేర్పేటప్పుడు పిల్లలైనా పెద్దలైనా ఆ గీతలకి పాదాల లోపలి పక్కలు ఆనించి నిలబడాల్సిందే. ఆ కొలత నాకు ఏ పుస్తకమూ ఇవ్వలేదు. హాలు అద్దెకి తీసుకున్న మొదటి సంవత్సరం నేను కిబా దాచిలో నిలబడి, మా అబ్బాయి చేత పాదాల పక్కన సుద్దముక్కతో గీయించి, మర్నాడు దాని మీదే పెయింట్ వేశాను. నా ఎత్తు 173 సెంటీమీటర్లు. అది నా కాళ్ళకి సరిపోయిన కొలత, మిగతా అందరికీ సరిపోతుందా అన్న ప్రశ్న 2024 వేసవి దాకా నాకు రాలేదు. వచ్చేసరికి ఒకరి మోకాలు దెబ్బతింది.

ఆమె అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. పేరు రాయడం లేదు. హాల్లో అందరూ టీచర్ గారు అంటారు, ఇక్కడా అలాగే అంటాను. రాజమండ్రి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. అప్పటికి వయసు 38, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. 2021 జూన్‌లో కూతుర్ని కరాటేలో చేర్పించడానికి వచ్చి, వారం రోజులు గోడ పక్కన కుర్చీలో కూర్చుని చూసి, ఎనిమిదో రోజు తనే పేరు రాయించుకున్నారు. కూతురు ఏడాదికి మానేసి బ్యాడ్మింటన్‌కి వెళ్ళిపోయింది, ఈమె మానలేదు. 2024 మార్చిలో 4వ క్యూ పాసయ్యారు (క్యూ అంటే బ్లాక్ బెల్ట్‌కి ముందు వచ్చే మెట్లు, అంకె తగ్గేకొద్దీ పై మెట్టు). మేం నేర్పే షోటోకాన్ శైలి కరాటేలో ఆ తర్వాతి గ్రేడింగ్ పరీక్షకి, అంటే 3వ క్యూకి, టెక్కీ షోడాన్ అనే కటా, అంటే వరస కట్టిన కదలికలు, చెయ్యాలి. గ్రేడింగ్ జూన్‌లో పెట్టుకున్నాం.

ఈ కటా తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. ముందు నేర్చుకునే హీయాన్ కటాలు ఐదూ ముందుకీ వెనక్కీ తిరుగుతూ, స్టాన్సులు మారుతూ సాగుతాయి. టెక్కీ షోడాన్ అలా కాదు. మొత్తం ఒకే గీత మీద, పక్కకి, కుడికీ ఎడమకీ. 29 కదలికలు, అన్నీ దాదాపు ఒకే స్టాన్స్‌లో, కిబా దాచిలో, అంటే గుర్రం మీద కూర్చున్నట్టు. మధ్యలో కాలు మీదుగా కాలు వేసి దాటడం ఒక్కటే తేడా. పదిహేనో కదలిక దగ్గర ఒక కియా (అరుపు), చివర్లో ఒకటి. చూసేవాళ్ళకి ఏమీ జరగనట్టు ఉంటుంది, అందుకే టోర్నమెంట్ల వైపు చూసే కుర్రాళ్ళకి ఇది నచ్చదు, గ్రేడింగ్ గండం దాటడానికి నేర్చుకుని వదిలేస్తారు. నాకు మాత్రం షోటోకాన్‌లో ఇంతకంటే లోతైన కటా లేదనిపిస్తుంది.

కరాటే పుట్టిన ఒకినావా దీవుల్లో దీని అసలు పేరు నైహాంచి. అక్కడి గురువు ఇతోసు అంకో (1831–1915) శిష్యులకి ఇది మూలమైన కటా. ఆయన శిష్యుడు, షోటోకాన్‌కి మూలపురుషుడు ఫునకోషి గిచిన్ ఈ వరసలోని మూడు కటాల మీదే పదేళ్ళు గడిపానని రాసుకున్నారు. 1922లో ఆయన టోక్యో వెళ్ళి అక్కడే స్థిరపడ్డాక జపాన్‌వాళ్ళ నోటికి తగ్గట్టు చాలా కటాల పేర్లు మార్చారు, నైహాంచి టెక్కీ అయింది, ఇనుప గుర్రం అని అర్థం. వాడో ర్యూ అనే మరో శైలిలో ఇప్పటికీ నైహాంచి అనే అంటారు. ఈ కేసుకి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఒకినావా షోరిన్ ర్యూ శాఖల్లో నైహాంచి స్టాన్స్ ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది. ఫునకోషి తొలి పుస్తకాల ఫోటోల్లో కూడా ఇప్పటి అంత వెడల్పు, లోతు కనిపించవు. షోటోకాన్ స్టాన్సులు లోతుగా మారడంలో ఆయన కొడుకు యోషితకా పాత్ర ఎక్కువ. నేను నేర్చుకున్నది ఆ లోతైన రూపమే, నేర్పుతున్నదీ అదే. ఈ చరిత్ర నాకు ముందే తెలుసు. తెలిసినా నా గీతలతో దాన్ని ముడిపెట్టి చూడలేదు.

నొప్పి ఎలా మొదలైంది

ఆ మార్చిలోనే కటా మొదలుపెట్టాం. వారానికి నాలుగు ఉదయాలు, ఐదున్నర నుంచి ఏడు దాకా. టీచర్ గారికి వరస పట్టుకోవడం కష్టం కాలేదు, రెండు వారాల్లో 29 కదలికలూ వచ్చేశాయి. కష్టమంతా స్టాన్స్‌తోనే. 78 సెంటీమీటర్ల గీతలకి పాదాలు ఆనిస్తే ఆమె తొడలు అప్పటికే చాలా తెరుచుకుపోయేవి, మోకాళ్ళు వంచి కిందికి దిగేసరికి రెండు మోకాళ్ళూ లోపలికి పడిపోయేవి, పాదాల లోపలి అంచులు నేలకి అణిగిపోయేవి, నడుము వెనక్కి విల్లులా వంగేది. నేను ఏం చేశానంటే, "మోకాళ్ళు బయటికి, మోకాళ్ళు బయటికి" అని అరుస్తూ ఉన్నాను. ఆమె బలవంతంగా తోసేవారు, రెండు కదలికలు అలా ఉండి మళ్ళీ లోపలికి. ఏప్రిల్‌లో బయటినుంచి వచ్చిన ఒక సీనియర్ ఇంకా కిందికి దిగాలని ఆమె భుజాల మీద చేతులు పెట్టి నొక్కారు. నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, అంతకుముందు వారం నేనూ అదే చేశాను.

ఏప్రిల్ మూడో వారంలో ఒక రోజు క్లాసు అయ్యాక ఆమె బూట్లు వేసుకోకుండా మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఏమైంది టీచర్ గారూ?"

"కుడి మోకాలు లోపలి పక్క గుచ్చుతోంది మాస్టారూ. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల అవుతోందండి."

నెల రోజులు చెప్పలేదు. ఎందుకంటే స్టాన్స్‌లో తొడలు మండటం, కాళ్ళు వణకడం మామూలే అని మొదటిరోజే నేను చెప్పాను, ఓర్చుకోవాలి అన్నాను. తొడ కండరం మండటం వేరు, కీలు గుచ్చడం వేరు. ఈ రెండింటికీ తేడా ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. కొత్తవాళ్ళకి ఇప్పుడు మొదటి క్లాసులోనే చెబుతున్నాను: తొడ మధ్యలో మంట వస్తే ఉండండి, మోకాలి చుట్టూ ఎక్కడైనా సూదిలా గుచ్చితే లేచి నిలబడండి, నన్ను అడగక్కర్లేదు.

ఎముకల డాక్టర్ చూసి, ఎక్స్‌రే, తర్వాత ఎమ్మారై తీయించి, లోపలి మెత్తలు చిరగలేదని, లోపలి పక్క లిగమెంట్ బాగా లాగబడి ఉందని చెప్పారు. మూడు వారాలు స్టాన్సులు బంద్, ఫిజియోథెరపీకి వెళ్ళమన్నారు. ఆమె నొప్పిని పదికి ఎంత అని అడిగితే క్లాసు తర్వాత 6, మెట్లు దిగేటప్పుడు 7 అన్నారు. జూన్ గ్రేడింగ్ వదులుకున్నాం. ఆ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

ఫిజియో గది

రెండో సిట్టింగ్‌కి నేనూ వెళ్ళాను. ఈ కేసులో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆ గంటే, కరాటే నేర్పే ప్రతివాళ్ళూ ఒక్కసారైనా ఇలా వెళ్ళి కూర్చోవాలి. ఫిజియో గారు టీచర్ గారిని బోర్లా పడుకోమని, మోకాలు 90 డిగ్రీలు మడిచి, పిక్కని మెల్లగా బయటి వైపుకి వదిలారు. అది తుంటి కీలు లోపలికి తిరగడాన్ని చూపిస్తుంది. దాదాపు 50 డిగ్రీలు వచ్చింది. తర్వాత పిక్కని లోపలి వైపుకి, అంటే తుంటి బయటికి తిరిగేలా. 25 దగ్గర ఆగిపోయింది. తర్వాత నన్ను పడుకోమన్నారు. నాకు తిరగబడింది, లోపలికి 30, బయటికి 50.

తొడ ఎముక పై భాగం తుంటి గిన్నెలో కూర్చునే కోణం అందరిలో ఒకేలా ఉండదు, పుట్టుకతోనే తేడాలు ఉంటాయి, కండరం బిగుసుకుంటే సాగదీయవచ్చు గాని ఎముక ఆకారాన్ని సాగదీయలేం అని ఆవిడ చెప్పారు. కిబా దాచిలో పాదాలు సమాంతరంగా ముందుకి చూడాలి, మోకాళ్ళు బయటికి తెరుచుకోవాలి. అంటే పాదం ముందుకి, తొడ బయటికి. ఆ బయటికి తిరగడం తుంటి నుంచి రావాలి. తుంటి 25 దగ్గర ఆగిపోయిన మనిషిని ఇంకా తిప్పమంటే ఆ మెలి ఎక్కడికి పోతుంది? మోకాలికి, దాని కింద పాదం వంపుకి. మోకాలు ప్రధానంగా మడతబందు లాంటిది, మడవడానికీ చాపడానికీ. పక్కకి విరిచే బలం దాని పని కాదు. స్టాన్స్ వెడల్పు పెరిగేకొద్దీ ఆ బలం పెరుగుతుంది. నా 78 సెంటీమీటర్లు, సమాంతర పాదాలు, దిగు దిగు అనే అరుపులు, ఈ మూడూ కలిసి రోజూ ఉదయం ఒకే లిగమెంట్‌ని లాగాయి.

ఇంకో సంగతి, ఆమెని ఒంటికాలి మీద నిలబెడితే రెండో వైపు నడుము కిందికి జారుతోంది. పిరుదు పక్క కండరం బలహీనం. ఆమె రోజంతా బోర్డు ముందు ఒక కాలి మీదే బరువు వేసి నిలబడతారట. దానికి వ్యాయామాలు ఇచ్చారు: పక్కకి పడుకుని కాలు ఎత్తడం, మోకాళ్ళ పైన రబ్బరు బ్యాండ్ కట్టుకుని పక్కకి అడుగులు, మెట్టు మీద నుంచి మెల్లగా ఒంటికాలితో దిగడం. రోజు విడిచి రోజు, ఐదు నెలలు. ఆమె ఒక్క రోజూ తప్పలేదని నాకు తెలుసు, ఎందుకంటే స్కూల్ హాజరు పట్టీలాగా గళ్ళు గీసి టిక్కులు పెట్టి నాకు చూపించేవారు.

స్టూలు మీద కటా

స్టాన్స్ ఆపమన్నారు, కటా ఆపమనలేదు కదా అని ఆమెని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి చేతులు మాత్రం చేయించాను. ఏదో ఒకటి చేయించి క్లాసుకి దూరం కాకుండా చూద్దామన్న ఆలోచనే తప్ప పెద్దగా ఆశించలేదు. మూడు రోజుల్లోనే తెలిసింది, ఆమె కగి జుకిలో భుజం లేస్తోంది. కగి జుకి అంటే మోచెయ్యి మడిచి, ముంజేతిని ఛాతీకి సమాంతరంగా పెట్టి పక్కకి కొట్టే గుద్దు. భుజం కిందే ఉండాలి, చంక బిగించి ఉండాలి. ఇన్నాళ్ళూ కాళ్ళ కష్టంలో ఆ భుజం నా కంటికి ఆనలేదు, ఆమెకీ తెలియలేదు. మెడ నొప్పి అని అప్పుడప్పుడు అనేవారు, కారణం ఇదే కావచ్చు. కుడి చేతి ఉచి ఉకె (ముంజేతి అడ్డు) తర్వాత వచ్చే చోట, ఒక చెయ్యి కిందికీ ఒక చెయ్యి చెవి పక్కకీ ఒకేసారి వెళ్ళి వెంటనే ఉరా జుకి (దగ్గర్నుంచి కొట్టే గుద్దు) వస్తుంది. అది మొత్తం కటాలో అందరూ తొందరపడే చోటు. స్టూలు మీద దాన్ని నిదానంగా వందల సార్లు చేశారు. ఇప్పుడు మా హాల్లో టెక్కీ నేర్చుకునే అందరూ మొదటి రెండు వారాలు స్టూలు మీదే చేస్తారు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం వాన పడి ఎవరూ రాలేదు, మేమిద్దరం, మా సీనియర్ విద్యార్థిని ఒకరు, ముగ్గురమే ఉన్నాం. టీచర్ గారిది కోనసీమలో ఒక లంక ఊరు. చిన్నప్పుడు హైస్కూల్‌కి రోజూ పంటు మీద గోదావరి దాటి వెళ్ళేవారట. మాటల్లో అన్నారు, "పంటు మీద జనం ఎక్కువైతే పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు మాస్టారూ, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టుకుని మోకాళ్ళు వదులు చేసి నిలబడేవాళ్ళం, అల కొట్టినప్పుడు మోకాళ్ళే చూసుకునేవి. మరీ ఎడంగా పెడితే పడేవాళ్ళం." ఎలా నిలబడేవారో చూపించమన్నాను. లేచి చూపించారు. కాళ్ళ మధ్య రెండడుగులు కూడా లేదు, పాదాలు కాస్త బయటికి, మోకాళ్ళు సరిగ్గా కాలివేళ్ళ మీదకి, నడుము నిటారుగా. నేను వారాల తరబడి అరిచినా రాని కిబా దాచి అది.

పాదంతో కొలవడం

మే చివర్లో డాక్టర్ సరేనన్నాక స్టాన్స్ మళ్ళీ మొదలుపెట్టాం, గీతలు లేకుండా. నేను చిన్నప్పుడు నేర్చుకుని మర్చిపోయిన పద్ధతి ఒకటి ఉంది. పాదాలు రెండూ కలిపి నిలబడాలి. మడమలు కదలకుండా కాలివేళ్ళు రెండు పక్కలకీ సుమారు 45 డిగ్రీలు తెరవాలి. తర్వాత వేళ్ళు కదలకుండా మడమలు తెరిచి పాదాలు సమాంతరం చెయ్యాలి. ఇదే ఇంకోసారి. ఆగిన చోట ఉన్నదే మీ వెడల్పు. ఆమె పాదం పొడవు 23 సెంటీమీటర్లు, నాది 27. ఆమె చేసి చూస్తే సుమారు 64 వచ్చింది. నేను చేస్తే 76. నా గీతల దూరానికి రెండు సెంటీమీటర్ల తేడా.

ఆమె కాగితం తీసుకుని లెక్క కట్టారు, లెక్కల టీచర్ కదా. పాదం పొడవుని 45 డిగ్రీల సైన్‌తో గుణిస్తే ఒక పక్క ఒక కదలికకి వచ్చే దూరం, రెండు పక్కలూ రెండు విడతలూ కలిపితే దానికి నాలుగు రెట్లు, అంటే పాదానికి దాదాపు 2.8 రెట్లు. "ఇది నిష్పత్తి మాస్టారూ, మీరు నిష్పత్తిని తీసేసి సంఖ్యని పెట్టారు" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, క్లాసులో పిల్లాడికి చెప్పినట్టే చెప్పారు. ఆ పూటే ఉలితో గోకి, థిన్నర్‌తో తుడిచి గీతలు తీసేశాను.

64 కూడా మొదట్లో ఎక్కువే అనిపించి 56తో మొదలుపెట్టాం. పాదాలు పది డిగ్రీలు బయటికి తిరగనిచ్చాను. ఇక్కడ కొందరు షోటోకాన్ మిత్రులు ఒప్పుకోరని తెలుసు, పాదాలు బయటికి తిరిగితే అది షికో దాచి అనే వేరే స్టాన్స్ అవుతుంది అంటారు. షికో దాచిలో పాదాలు 45 డిగ్రీలు తిరుగుతాయి, దాని ఊపు వేరు. పది డిగ్రీలతో కిబా దాచి షికో అయిపోదు. మోకాలు రెండో కాలివేలి మీదకి వస్తోందా, పాదం వంపు నేలకి అణగకుండా నిలబడుతోందా, ఈ రెండూ చూశాను. కోణాన్ని ఆ రెండూ నిర్ణయించాయి.

నిలబడే సమయం కూడా తగ్గించాం. 20 సెకన్లు నిలబడి, లేచి నడిచి, మళ్ళీ 20. ఐదు సార్లు. వారానికి ఐదేసి సెకన్లు పెంచుతూ సెప్టెంబర్ నాటికి 90కి చేరాం. నేను నేర్చుకునే రోజుల్లో పది నిమిషాలు గోడ కుర్చీలాగా కిబా దాచి శిక్షగా వేసేవారు. దానివల్ల మొండితనం వస్తే వచ్చి ఉండవచ్చు, స్టాన్స్ మాత్రం రాలేదు. మూడో నిమిషం తర్వాత అందరం మోకాళ్ళ మీద వేలాడేవాళ్ళం, కండరాలు ఎప్పుడో చేతులెత్తేసేవి.

నామి గయేషి దగ్గర

ఈ కటాకి ప్రాణం అక్కడే ఉంది. ఎడమ ఉరా జుకి తర్వాత తల ఎడమకి తిప్పి, ఎడమ పాదాన్ని లోపలికి గజ్జ ఎత్తుకి లేపి, వెంటనే అదే చోట కొట్టినట్టు దించాలి, దాంతోపాటు ముంజేతితో అడ్డు. తర్వాత తల కుడికి, కుడి కాలితో అదే. వెనక్కి తిరిగే అల అని పేరు. మోకాలికి వచ్చే తన్ను తప్పించడమనీ, ఎదుటివాడి తొడని తన్నడమనీ అర్థాలు చెబుతారు. అర్థం ఏదైనా నియమం ఒకటే, పాదం గాలిలో ఉన్నంతసేపూ శరీరం పక్కకి ఊగకూడదు, తల పైకి లేవకూడదు.

అసలు ఒక కాలు ఎత్తాలంటే బరువు రెండో కాలి మీదకి వెళ్ళాలి కదా. 78 వెడల్పులో ఆమె శరీరం మధ్య నుంచి రెండో పాదం మీదకి జరగాలంటే 40 సెంటీమీటర్లకి పైగా పక్కకి వెళ్ళాలి. అలా జరిగితే కటా చెడిపోతుంది, జరగకపోతే ఎత్తిన కాలు వైపుకి పడిపోతారు. పడేలోపు పాదాన్ని ఎత్తి దించెయ్యడమే నామి గయేషి రహస్యం, అది తూకం ఆట కాదు, వేగం. వెడల్పు ఎక్కువైతే శరీరం పడే వేగం కూడా ఎక్కువ, దొరికే సమయం తక్కువ. మార్చిలో ఆమె ప్రతిసారీ ముందు మెల్లగా పక్కకి ఒరిగి, అప్పుడు కాలు ఎత్తి, తిరిగి వచ్చేవారు. మూడు దశలు. అలా ఒరిగిన ప్రతిసారీ నిలిచిన కాలి మోకాలు లోపలికి విరిగేది. కుడి మోకాలే ఎందుకు దెబ్బతింది అన్నదానికి నాకు కనిపించే కారణం ఇదే. రెండింట్లో ముందు వచ్చేది ఎడమ కాలు ఎత్తడం, ఆమెకి అదే కష్టం, దాన్నే ఎక్కువసార్లు చేయించాను. ఎడమ కాలు ఎత్తితే బరువు మోసేది కుడి మోకాలు.

జులైలో 60 వెడల్పులో మళ్ళీ మొదలుపెట్టాం. మొదట పాదం ఎత్తకుండా మడమ మాత్రమే అర అంగుళం లేపి దించడం. తర్వాత పాదం నేల నుంచి జానెడు. బట్టలు ఆరేసే నైలాన్ తాడుని ఆమె తలకి సరిగ్గా తగిలీ తగలనట్టు హాలు అడ్డంగా కట్టాను. తల లేస్తే తాడు కదులుతుంది, పక్కకి ఊగినా తాడు మీద జుట్టు రాసుకుని తెలుస్తుంది. కాలు మీదుగా కాలు వేసి దాటే చోట కూడా అదే తాడు, అక్కడ అందరూ లేస్తారు. నేను నోటితో ఏమీ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. నేను చెప్పేకొద్దీ ఆమె బిగుసుకుపోతున్నారు, తాడు చెబితే సరిచేసుకుంటున్నారు.

ఆగస్టు రెండో వారంలో ఒక శనివారం, నామి గయేషి చేస్తే పాదం నేలకి తగిలిన చప్పుడు మారింది. అంతకుముందు వచ్చే చప్పుడు బరువు పడిపోయినట్టు ఉండేది, ఆ రోజు చెంపదెబ్బలా పొడిగా వచ్చింది. తాడు కదల్లేదు. ఆమె కూడా ఆగి నా వైపు చూశారు. ఇంకోసారి, అన్నాను. మళ్ళీ అదే చప్పుడు. ఆ తర్వాత వరసగా పదకొండు సార్లు చేశారు, తొమ్మిది సార్లు వచ్చింది.

డిసెంబర్

2024 డిసెంబర్‌లో గ్రేడింగ్. వెడల్పు అప్పటికి 64కి వచ్చింది, పాదాలు ఇంకా ఎనిమిది డిగ్రీలు బయటికే. పూర్తిగా సమాంతరం చేస్తే నొప్పి తిరిగి వస్తోందని అక్టోబర్‌లో రెండుసార్లు చూసి ఆపేశాం. పరీక్ష తీసుకునే సీనియర్‌కి ముందే ఫోన్ చేసి తుంటి కొలతలు, డాక్టర్ చెప్పింది, అంతా వివరించాను. మార్కులు తగ్గించమనో పెంచమనో అడగలేదు, ఆ పాదాలు నిర్లక్ష్యం కాదని తెలిస్తే చాలన్నాను. ఆయన విన్నారు, పరీక్షలో రెండుసార్లు చేయించారు, రెండోసారి పక్క నుంచి కూర్చుని మోకాళ్ళనే చూశారు. పాసయ్యారు.

మార్చి వీడియో, డిసెంబర్ వీడియో పక్కపక్కన పెట్టి చూశాను. మార్చిలో కటా 38 సెకన్లలో అయిపోయింది, స్టాన్స్ నొప్పి నుంచి పారిపోతున్నట్టు ఉంది. డిసెంబర్‌లో 52 సెకన్లు. ఆశ్చర్యమేమిటంటే ఇరుకైన స్టాన్స్‌లో ఆమె నడుము మార్చిలో కంటే కిందికే ఉంది, ఎందుకంటే అప్పుడు ఎడంగా నిలబడి దిగలేక పైనే వేలాడేవారు, ఇప్పుడు నిజంగా కూర్చుంటున్నారు. మొదటి కదలిక తర్వాత వచ్చే మోచేతి దెబ్బ అరచేతికి తగిలిన చప్పుడు వీడియోలో కూడా తెలుస్తుంది. నొప్పి క్లాసు తర్వాత 0 లేదా 1, మెట్లు దిగేటప్పుడు 1. చలి ఉదయాల్లో మాత్రం కుడి మోకాలు కాస్త బిగుసుకుంటుందట, అందుకని వార్మప్ ఇంకో పది నిమిషాలు పెంచుకున్నారు.

ఒక్క మనిషి కథ మీద అన్నీ తేల్చెయ్యకూడదని హాల్లో మిగతా 22 మందినీ పాదం పద్ధతితో కొలిచాను. నా పాత గీతల మీద తొమ్మిది మంది తమ వెడల్పుకి మించి నిలబడుతున్నారు, అందులో నలుగురు పన్నెండేళ్ళలోపు పిల్లలు. ఆ నలుగురి పేర్లు చూసుకున్నప్పుడు చాలా బాధ వేసింది. ఇద్దరు పొడుగు కుర్రాళ్ళకి ఆ గీతలు ఇరుకు. వెడల్పు మార్చాక దాదాపు అందరికీ కాలు దాటే చోట తల లేవడం తగ్గింది. అందరికీ కుదిరిందని మాత్రం చెప్పను. 52 ఏళ్ళ ఒకాయనకి మోకాలి ఎముక గుజ్జు ముందే అరిగి ఉంది. వెడల్పు తగ్గించాం, పాదాలు తిప్పాం, సమయం తగ్గించాం, ఏం చేసినా మర్నాటికి వాపు వస్తోంది. ఆయనకి డాక్టర్ సలహాతో కిబా దాచి పూర్తిగా ఆపేశాం, కటా నిలబడి మామూలు ఎత్తులో చేస్తున్నారు, గ్రేడింగ్ అడగడం లేదు, రోజూ వస్తున్నారు.

టీచర్ గారు ఇప్పుడు బస్సాయ్ దాయ్ అనే తర్వాతి కటా చేస్తున్నారు. దాంట్లో కోకుత్సు దాచి అనే స్టాన్స్ ఉంది, బరువు ఎక్కువగా వెనక కాలి మీద, వెనక మోకాలు మళ్ళీ బయటికి తెరవాలి. మొదటి రోజే ఆమె స్కేలు తెచ్చుకున్నారు. శనివారాలు మాత్రం టెక్కీతోనే క్లాసు మొదలుపెడతాం, ఎడమ నామి గయేషి ఇంకా కుడిదానికంటే ఒక వెంట్రుక ఆలస్యంగా వస్తోంది, తాడు కట్టే ఉంచాను.